అడగవలసిన మాట

ఈ టపా వ్రాయాలా వద్దా అని ఆరు నెలలుగా తటపటాయిస్తున్నాను. ఇందులో సగం కథ నాది కాదు, మా చిన్నమ్మది. ఆవిడను అడగకుండా వ్రాస్తే, ఏ తప్పును గురించి వ్రాయబోతున్నానో ఆ తప్పే నేనూ చేసినవాడినవుతాను. మొన్న అడిగాను. "నా పేరు వద్దు, ఊరి పేరు వద్దు. మిగతాది నీ ఇష్టం నాయనా" అంది. కాబట్టి మా ఊరికి సంబంధించిన పేర్లేవీ ఇక్కడ కనిపించవు. రాయలసీమలో ఒక ఊరు అనుకోండి, చాలు.

ముందు క్వేకర్ల సంగతి చెప్పాలి. మనలో చాలామందికి క్వేకర్ అనగానే ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకుని చిరునవ్వు నవ్వే తెల్లజుట్టు పెద్దమనిషి గుర్తుకొస్తాడు. నాకూ అంతే. (ఆ కంపెనీకీ ఈ మతసమాజానికీ ఏ సంబంధమూ లేదని, ఆ పేరుకున్న మంచితనాన్ని మాత్రం వాడుకున్నారని తర్వాత తెలిసింది.) ఫిలడెల్ఫియా శివార్లలో ఇరవై ఏళ్ళుగా కాపురముంటున్నా, దారిలో కనిపించే వాళ్ళ రాతి మందిరాలలోకి ఒక్కసారీ తొంగి చూడలేదు. నాతో పనిచేసే ఒక పెద్దాయన పిలిస్తే, కాదనలేక, ఒక ఆదివారం వెళ్ళాను.

లోపల విగ్రహం లేదు, శిలువ లేదు, వేదిక లేదు, పురోహితుడు లేడు. ఎదురెదురుగా చెక్క బల్లలు. జనం వచ్చి కూర్చున్నారు. అంతే. ప్రార్థన ఎప్పుడు మొదలవుతుందా అని పదిహేను నిమిషాలు ఎదురుచూశాక గాని, అది ఎప్పుడో మొదలయిందని నాకు తెలియలేదు. గంటసేపట్లో ఇద్దరు లేచి నాలుగేసి మాటలు చెప్పి కూర్చున్నారు. మిగతా అంతా మౌనం. చివర పక్కవాళ్ళతో చేతులు కలిపారు, కాఫీ తాగారు, ఇళ్ళకు వెళ్ళిపోయారు.

1650 ప్రాంతాల ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ అనే ఆయన మొదలుపెట్టిన సమాజం ఇది. తమను తాము 'మిత్రులు' అని పిలుచుకుంటారు. క్వేకర్ అన్నది ఎగతాళిగా అంటించిన పేరు, వణికేవాళ్ళు అని. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉంది, దానికీ మనిషికీ మధ్య దళారీ అక్కరలేదు అన్నది వాళ్ళ మూలసూత్రం. మనకు ఇది కొత్త మాటేమీ కాదు. కాని దానినుంచి వాళ్ళు తీసిన పర్యవసానం మాత్రం నాకు కొత్త. దైవాంశ ఎదుటివాడిలోనూ ఉన్నప్పుడు వాడిని చంపటానికి వీల్లేదు, రాజు ఆజ్ఞాపించినా సరే. 1661లో ఇదే మాట రాజు రెండవ ఛార్లెస్‌కు వ్రాసి ఇచ్చారు. మూడున్నర శతాబ్దాలుగా ఆ మాట నిలబెట్టుకోవటానికి తంటాలు పడుతూనే ఉన్నారు. మన దేశం విషయానికి వస్తే, 1947 ఆగస్టు 15న కలకత్తాలో గాంధీ పక్కనున్న హొరేస్ అలెగ్జాండర్ క్వేకరే.

అలాగని వీళ్ళేదో తప్పులు చేయని మహాత్ములు అనుకోకండి. ఫిలడెల్ఫియా నగరంలో ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అని ఒక పాత జైలుంది. 1829లో తెరిచారు. ఇప్పుడది మ్యూజియం. నేరస్థుడిని కొట్టటం, ఉరితీయటం కంటే ఒంటరిగా నిశ్శబ్దంలో కూర్చోబెడితే తనలోని వెలుగును తానే చూసుకుని పశ్చాత్తాపపడతాడన్న ఆలోచనతో కట్టిన జైలు అది. ఆ ఆలోచన వెనుక క్వేకర్ల ప్రభావం బాగా ఉంది. ఖైదీలు ఒకరి ముఖం ఒకరు చూడకుండా, కొట్టునుంచి బయటకు తీసుకువచ్చేటప్పుడు తలమీద ముసుగు వేసేవారు. 1842లో చార్లెస్ డికెన్స్ వచ్చి చూసి, శరీరాన్ని హింసించటం కంటే ఇది ఘోరమని వ్రాశాడు. పిల్లలతో ఒకసారి చూడటానికి వెళ్ళాను. ఆదివారం బల్లమీద అంత హాయిగా ఉన్న మౌనమే, తలుపు బయటినుంచి వేస్తే ఏమవుతుందో అక్కడ తెలిసింది. మౌనం మనం ఎంచుకున్నదా, మరొకరు మన మీద వేసినదా అన్నది అసలు ప్రశ్న. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

కాఫీ దగ్గర ఒకరోజు ఆ పెద్దాయనను అడిగేశాను. "మీవాడిని చంపినవాడు ఎదురుపడితే ఏం చేస్తారు?" ఆయన తత్వం చెప్పలేదు. టామ్ ఫాక్స్ సంగతి చెప్పాడు.

టామ్ ఫాక్స్ వర్జీనియాకు చెందిన క్వేకర్. ఇరవై ఏళ్ళు అమెరికా మెరైన్ దళపు బ్యాండులో క్లారినెట్ వాయించిన మనిషి. యుద్ధం జరుగుతున్న ఇరాకుకు శాంతి కార్యకర్తగా వెళ్ళాడు. 2005 నవంబరులో బాగ్దాదులో ఆయననూ మరో ముగ్గురినీ సాయుధులు ఎత్తుకుపోయారు. ఆ ముగ్గురిలో నార్మన్ కెంబర్ బ్రిటిషు వృద్ధుడు, జేమ్స్ లోనీ కెనడావాసి, హర్మీత్ సింగ్ సూడెన్ కెనడా పౌరుడైన మన సిక్కుల బిడ్డ. 2006 మార్చిలో టామ్ ఫాక్స్ శవం దొరికింది. కాల్చి చంపారు. రెండు వారాల తర్వాత మిగతా ముగ్గురినీ సైనికులు విడిపించారు. బందీ చేసినవాళ్ళను తర్వాత పట్టుకుని, సాక్ష్యం చెప్పమని వీళ్ళను కోరారు. నేరం రుజువైతే మరణశిక్ష పడవచ్చు. ఆ ఏడాది డిసెంబరులో ముగ్గురూ లండనులో కలిసి ఒక ప్రకటన చదివారు. తమను ఎత్తుకుపోయి నిర్బంధించినందుకు వాళ్ళను ఏ షరతూ లేకుండా క్షమిస్తున్నామనీ, వాళ్ళను శిక్షించాలన్న కోరిక తమకు లేదనీ, దయ చూపమనీ దాని సారాంశం.

ఇంటికి వచ్చి ఆ ప్రకటన మొత్తం వెతికి చదివాను. ఒక చిన్న సంగతి నన్ను ఆపేసింది. వాళ్ళు క్షమించింది తమను బంధించిన నేరాన్ని. టామ్ ఫాక్స్ హత్యను అతని తరఫున క్షమిస్తున్నామని అనలేదు. తమకు జరిగిన దానిని మాత్రమే తమ చేతుల్లోకి తీసుకున్నారు. కావాలని అలా వ్రాశారో, యాదృచ్ఛికంగా కుదిరిందో కాని, నాకు మాత్రం అది కళ్ళకు కట్టింది.

ఇంకా లోతుగా తగిలింది బురుండి సంగతి. (క్వేకర్లు అంటే తెల్లవాళ్ళని నేననుకునేవాడిని. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువమంది క్వేకర్లున్న దేశం కెన్యా. అక్కడ వాళ్ళకు పాస్టర్లుంటారు, పాటలుంటాయి, మౌనం తక్కువ.) బురుండిలోని కిబింబా అనే చోట అమెరికా క్వేకర్ మిషనరీలు 1934లో స్థిరపడి బడి, ఆసుపత్రి పెట్టారు. 1993 అక్టోబరు 21న, ఆ దేశానికి ఎన్నికైన మొదటి హుటూ అధ్యక్షుడు మెల్కియోర్ ఎండడాయెను టుట్సీ సైనికులు చంపారు. ఆ రోజే కిబింబా బడిలోని టుట్సీ విద్యార్థులను పట్టుకుని, దగ్గరలోని పెట్రోలు బంకు భవనంలో పెట్టి కాల్చివేశారు. డెబ్బైమందికి పైగా చనిపోయారు. ఆ నేరంలో దోషిగా తేలినవారిలో బడి ప్రధానోపాధ్యాయుడు కూడా ఉన్నాడు. 1997 జూలైలో అతడిని ఉరితీశారు. మరి కొద్ది రోజులకు మరోచోట, క్విబుకాలో, దావీద్ నియోంజిమా అనే క్వేకర్ బోధకుడి శిష్యులను ఎనిమిదిమందిని సైనికులు చంపారు. ఆయన దాక్కుని బతికాడు.

అంటే చంపినవాళ్ళు, చచ్చినవాళ్ళు, ఇద్దరూ వాళ్ళ బడి పిల్లలు, వాళ్ళ పంతుళ్ళు. ఎదుటివాడిలో దైవాంశ ఉందని అరవై ఏళ్ళు చెప్పిన చోటే ఇది జరిగింది. ఆ తర్వాత పన్నెండేళ్ళ అంతర్యుద్ధంలో సుమారు 3 లక్షలమంది పోయారని అంచనా.

నియోంజిమా తర్వాత తన శిష్యులను చంపిన దాడిలో ఉన్న ఒకడిని కలుసుకుని, నిన్ను క్షమించానని చెప్పాడు. ఆ అనుభవం మీద 2001లో పుస్తకం కూడా వచ్చింది. కాని నాకు నచ్చింది ఆ వీరగాథ కాదు, ఆయనా ఇతరులూ తర్వాత చేసిన చిల్లర పని. మనసుకు తగిలిన గాయాలకు చికిత్స చేసే సంస్థ పెట్టాడు. 2003 నుంచి బురుండి, రువాండా క్వేకర్లు ఊరూరా మూడు రోజుల శిబిరాలు నడుపుతున్నారు. పదిమంది ఒక పక్షం, పదిమంది రెండవ పక్షం. రువాండాలో అయితే జైలునుంచి విడుదలై వచ్చినవాళ్ళు, వాళ్ళ చేతిలో అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు. మొదటి రోజు క్షమాపణ మాట ఎత్తరు. భయం పడితే ఒళ్ళు ఎలా మారుతుంది, నిద్ర ఎందుకు పట్టదు, చప్పుడైతే ఎందుకు ఉలికిపడతాం అని మాట్లాడుకుంటారు. రెండవ రోజు ఎవరు ఏం పోగొట్టుకున్నారో చెప్పుకుని ఏడుస్తారు. మూడవ రోజు కాగితం మీద ఒక చెట్టు గీస్తారు. అపనమ్మకం అనే చెట్టు. దాని వేళ్ళేమిటి, కాయలేమిటి అని వ్రాస్తారు. పక్కన నమ్మకం చెట్టు. తర్వాత ఒకరి కళ్ళకు గుడ్డ కట్టి, ఎదుటి పక్షంవాడు చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. అంతే కార్యక్రమం. మొదటిసారి చదివినప్పుడు చిన్నపిల్లల ఆటలా ఉందే అని నవ్వుకున్నాను. తర్వాత కళ్ళు మూసుకుని, ఫలానావాడు నా చెయ్యి పట్టుకుని మా వంక గట్టున నడిపిస్తున్నట్లు ఊహించుకోబోయాను. రెండడుగులు కూడా వేయలేకపోయాను.

ఆ ఫలానావాడి సంగతికి వస్తాను.

1983 వేసవిలో, బస్సు దిగి ఇంటికి నడిచి వస్తున్న మా చిన్నాయనను వంక దగ్గర వేటకొడవళ్ళతో నరికి చంపారు. నాకు పదేళ్ళు. ఊళ్ళో రెండు పార్టీలు, ఒకదానికి మా నాన్న ముఖ్యుడు. చిన్నాయనకు వాటితో పని లేదు. పక్క మండలంలో బడిపంతులు. వాళ్ళు కాపు కాసింది నాన్న కోసం. చీకట్లో తమ్ముడు దొరికాడు. ఈ ముక్క ఊరందరికీ తెలుసు, మా ఇంట్లో ఎవరూ పలకరు. చిన్నమ్మకు అప్పుడు ఇరవై మూడేళ్ళు, చంకలో ఆడపిల్ల. మా జేజి ఆ తర్వాత బతికిన తొమ్మిదేళ్ళూ పొద్దుగూకాక వీధి తలుపు తెరిచి ఉండనివ్వలేదు.

నలుగురికి యావజ్జీవం పడింది. పైకోర్టులో ముగ్గురు బయటపడ్డారు. ఒకడు మాత్రం జైల్లో ఉండి, శిక్షలో మినహాయింపు వచ్చి, 1997లో ఊరికి వచ్చాడు. మరుసటి ఏడాది రాజీ అయింది. మా ప్రాంతపు రాజీ ఎలా ఉంటుందో తెలియని మిత్రులకు చెబుతున్నాను. రెండు పార్టీల పెద్దలు గుడిలో కూర్చుంటారు. నడుస్తున్న కేసుల్లో సాక్షులు తమకేమీ తెలియదని చెప్పటానికి ఒప్పుకుంటారు. అటు ఇన్ని పోయినాయి, ఇటు ఇన్ని పోయినాయి అని లెక్క చూస్తారు. దేవుని ముందు ప్రమాణం చేస్తారు. ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. అది చిన్న విషయం కాదు, దాని తర్వాత మా ఊళ్ళో మళ్ళీ కొడవలి లేవలేదు. కాని ఆ గుడిలో ఒక్క ఆడమనిషి లేదు. లెక్కలో వేసిన ప్రాణాల తాలూకు పెళ్ళాలను ఎవరూ ఏమీ అడగలేదు.

ఏడాదిన్నర క్రితం నాన్న పోయారు. పెద్దకర్మనాడు జనంలో దూరంగా, వేపచెట్టు క్రింద, ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. చూపు సరిగా లేదు, మనవడు పట్టుకుని తెచ్చాడు. వాడే. భోజనం చేయలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. గంటసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. నేను అటు పోలేకపోయాను.

ఆ రాత్రి, అప్పటి రాజీలో మధ్యవర్తిగా ఉన్న నాన్న స్నేహితుడు నా పక్కన మంచం మీద కూర్చుని చెప్పాడు. "రాజీ అయినంక వాడు నాతో చెప్పి పంపినాడప్పా. ఆ యమ్మ ఇంటికి పోయి, గడప బయటనే నిలబడి, తప్పయిపోయిందని ఒక మాట చెప్పాలని. మీ నాయనను అడిగినాను. ఆయన వద్దన్నాడు. పాత గాయం మళ్ళా కెలకద్దు, ఆ యమ్మ తట్టుకోలేదు అన్నాడు. వాడు ఇంకో రెండుసార్లు అడిగినాడు. తర్వాత మానుకున్నాడు."

"చిన్నమ్మకు తెలుసా?"

"యాడ తెలుస్తుంది? చెప్పద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

నాన్న అలా ఎందుకు చేశారో నాకు అర్థం కాకపోలేదు. వాడు గడపలో నిలబడి నోరు తెరిస్తే, "నీ మొగుని కోసం కాదమ్మా మేము వచ్చింది" అన్న మాట రాకుండా పోదు. చిన్నమ్మను కాపాడుతున్నానని ఆయన అనుకున్నారు, తనను కూడా కాపాడుకున్నారు. రెండూ నిజమే అయి ఉంటాయి. కాని పాతికేళ్ళకు పైగా ఒక మనిషికి వచ్చిన మాటను మరో మనిషి జేబులో పెట్టుకుని తిరిగారు. ఇప్పుడది నా జేబులోకి వచ్చింది. తిరుగు ప్రయాణంలో విమానంలో పద్నాలుగు గంటలూ, ఇక్కడికి వచ్చాక ఏడాదీ, నేనూ చేసింది అదే. ఆవిడకు అరవై దాటింది, రక్తపోటు ఉంది, కూతురు దగ్గర ప్రశాంతంగా ఉంది, ఇప్పుడెందుకు... నాన్న మాటలే నా నోట వినిపించసాగాయి.

చివరికి ఆ పెద్దాయనకు చెప్పుకున్నాను. క్వేకర్లలో క్లియర్‌నెస్ కమిటీ అని ఒక పద్ధతి ఉంది. ఒకప్పుడు పెళ్ళి చేసుకోబోయే జంటకు వేరే చిక్కులేమీ లేవని తేల్చుకోవటానికి పెట్టుకున్నది, ఇప్పుడు ఎటూ తోచక కొట్టుమిట్టాడేవాళ్ళ కోసం కూడా వాడుతున్నారు. నలుగురైదుగురు కూర్చుంటారు. సలహా ఇవ్వకూడదు. తమ అనుభవాలు చెప్పకూడదు. ప్రశ్నలు మాత్రమే అడగాలి, అదీ జవాబు తమకు తెలియని ప్రశ్నలు. ప్రశ్నకూ ప్రశ్నకూ నడుమ బోలెడంత మౌనం. (మన రచ్చబండ పంచాయితీకి ఇది పూర్తిగా వ్యతిరేకం. నోరు కట్టేసుకుని సలహా ఇవ్వకుండా రెండు గంటలు కూర్చోగల నలుగురు మావాళ్ళను నేనింతవరకు చూడలేదు, నాతో సహా.)

నేను వాళ్ళ సభ్యుడిని కాను, అయినా ఒప్పుకున్నారు. కథంతా చెప్పాను. వాడిని నేను క్షమించగలనా, లేదా అన్నదే నా బాధ అని ముగించాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. ఒక ముసలావిడ, బడిలో లెక్కలు చెప్పి రిటైరయిందట, నెమ్మదిగా అడిగింది.

"అతను క్షమాపణ నిన్ను అడిగాడా?"

లేదన్నాను.

మళ్ళీ మౌనం. ఇంకొకాయన అడిగాడు. "మీ నాన్నగారి మీద కోపంగా ఉందా?"

ఈ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. తండ్రి పోయి ఏడాది కాలేదు, ఆయన ఋణం తీర్చుకోవలసినవాడిని, కోపమేమిటి. గొంతు పట్టేసింది. ఎవరూ వచ్చి భుజం తట్టలేదు, అది నాకు ఎంతో మేలు చేసింది. కాసేపటికి ఆ లెక్కల పంతులమ్మే మరో ప్రశ్న వేసింది. "నీ దగ్గరున్న ఆ కబురు ఎవరిది?"

ఆ శనివారం రాత్రి, అక్కడ ఆదివారం ఉదయం, చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"ఏమి నాయనా, ఈ పొద్దు ఇంత పొద్దున్నే చేసినావు? పిల్లోళ్ళు బాగున్నారా?"

ఉపోద్ఘాతం ఏమీ పెట్టుకోకుండా చెప్పాను. మధ్యవర్తి చెప్పింది చెప్పినట్లుగా. నాన్న వద్దన్న సంగతి, ఒట్టు సంగతి. నేనూ ఏడాది దాచిన సంగతి.

అటునుంచి ఏమీ వినపడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత దూరంగా కుక్కర్ విజిల్ వినిపించింది, ఆవిడ వెళ్ళి పొయ్యి ఆపి వచ్చిన అలికిడి వినిపించింది. మందిరం బల్లల మీద ఎన్నో మౌనాలలో కూర్చున్నాను కాని, అంత పొడుగు మౌనం నేనెరగను.

"ఎన్నిసార్లు అడిగినాడన్నావు?"

"మూడుసార్లు."

"మీ నాయన నన్ను అడిగుంటే వద్దనే చెప్పుందును" అంది. "నా గడప తొక్కనిచ్చేదాన్ని కాదు ఆ పొద్దు. ఐనా అడగాల్సింది."

"ఔను చిన్నమ్మా."

"నలభై ఏండ్లు నన్ను ఎవురన్నా ఏదన్నా అడిగినారా? ఇల్లు పంచినప్పుడు అడిగినారా, రాజీ అప్పుడు అడిగినారా? పాపం ఆ యమ్మ, పాపం ఆ యమ్మ అనుకుంటా అందరూ నా మాట కూడా వాళ్ళే మాట్లాడిరి." ఆవిడ ఏడవటం లేదు. గొంతులో కోపం ఉంది. నా జన్మలో ఆవిడ గొంతులో కోపం వినటం అదే మొదటిసారి. ఆ కోపం చంపినవాడి మీద కాదు.

కాసేపాగి, "మీ నాయన కోసమే వచ్చినారని నాకు తెల్సు" అంది. "శవం ఇంటికి వచ్చిన నాడే తెల్సు. ఆ మాట నాకు తెలియకుండా దాచినానని ఆయన అనుకుంటా పోయినాడు, పాపం."

నేనేమి అనగలను? వాడు బతికే ఉన్నాడని, కళ్ళు కనిపించటం లేదని, పెద్దకర్మకు వచ్చి వేపచెట్టు క్రింద కూర్చున్నాడని చెప్పాను. చూసినానంది. గుర్తుపట్టావా అంటే, ఎందుకు పట్టను అంది.

"ఇప్పుడు కబురు చేయమంటావా చిన్నమ్మా, రమ్మని?"

"అది నాకు విడిచిపెట్టు."

విడిచిపెట్టాను. అది జరిగి ఆరు నెలలయింది. వాడు వచ్చాడో లేదో, ఆవిడ పిలిచిందో లేదో నాకు తెలియదు. అడగాలని ప్రతి వారమూ నోటి చివరిదాకా వస్తుంది. నిన్న ఫోన్ చేస్తే, పెరట్లో వేసిన చిక్కుడు పందిరి ఈసారి బాగా కాసిందని, కోతులు బతకనివ్వటం లేదని చాలాసేపు చెప్పింది. విన్నాను.